పెద్దవాళ్ల స్నానం: కుర్చీ, కడ్డీ, మ్యాట్, కొత్త టైల్స్‌లో ముందు ఏది?

మోకాళ్లు అరిగిపోయో, పక్షవాతం వచ్చి తగ్గాకో, పార్కిన్సన్స్ వల్లో ఇంట్లో పెద్దవాళ్ల నడక తడబడటం మొదలయ్యాక చాలామంది మొట్టమొదట కొనేది బాత్‌రూమ్‌లో పరిచే రబ్బరు మ్యాట్. కొనడం తప్పని అనను. కానీ నన్నడిగితే అది చివరన కొనవలసిన వస్తువు. ముందుగా మారవలసింది నేల కాదు, స్నానం చేసే తీరు. నిలబడి చేసే స్నానం కూర్చుని చేసే స్నానం కావాలి. కూర్చోవడానికీ లేవడానికీ గోడలో గట్టిగా దిగిన కడ్డీ ఉండాలి. ఈ రెండూ అమరకుండా టైల్స్ మార్చినా, ఖరీదైన షవర్ పెట్టినా ప్రమాదం అలాగే ఉంటుంది.

మన బాత్‌రూమ్‌లలో ఒక మేలు ఉంది. ఎత్తైన అంచున్న టబ్బు చాలా ఇళ్లలో ఉండదు కాబట్టి కాలెత్తి దాటే గండం లేదు. కీడు కూడా అక్కడే ఉంది: స్నానం చేసే చోటు, కమోడ్ దగ్గరికి వెళ్లే దారి, తలుపు ముందు జాగా, అంతా ఒకే నేల. ఒకరు స్నానం చేసి వచ్చాక అదంతా తడే. రాత్రి ఎవరో కాళ్లు కడుక్కుని వచ్చిన తడి మీద తెల్లవారుజామున పెద్దాయన అడుగు వేస్తారు. వాడిన ప్రతిసారీ వైపర్‌తో నీళ్లు లాగేసి రావడం ఇంట్లో చిన్నపిల్లలతో సహా అందరికీ అలవాటు చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కొనే ముందు ఒకసారి గమనించండి

వాళ్లు ఒప్పుకుంటే, ఒంటి మీద బట్టలతోనే, నీళ్లు లేకుండా, పొడి నేల మీద స్నానానికి వెళ్లి వచ్చే క్రమమంతా ఒకసారి చేసి చూపించమనండి. గడప దాటేటప్పుడు చెయ్యి దేనికోసం వెతుకుతోంది? వెనక్కి తిరిగేటప్పుడు కొళాయి పట్టుకుంటున్నారా, తువ్వాలు వేసే రాడ్డు పట్టుకుంటున్నారా? మగ్గుతో నీళ్లు ముంచడానికి ఎంత వంగుతున్నారు? కాళ్లు రుద్దుకోవడానికి ఒంటికాలి మీద నిలబడుతున్నారా? పంచె గాని లంగా గాని మార్చుకునేటప్పుడు దేనికి ఆనుకుంటున్నారు? చెయ్యి వెతికిన ప్రతిచోటా సుద్దముక్కతో గోడ మీద గుర్తు పెట్టండి. కడ్డీలు బిగించవలసింది ఆ గుర్తుల దగ్గరే. తువ్వాలు రాడ్డు, సబ్బు పెట్టె, కొళాయి మనిషి బరువును మోయడానికి చేసినవి కావు. అవి ఊడి చేతిలోకి వచ్చినప్పుడు పడే దెబ్బ, ఏమీ పట్టుకోకుండా జారినప్పటి కంటే ఘోరంగా ఉండవచ్చు.

ఈ పరిశీలనలోనే ఇంకొక సంగతి బయటపడుతుంది. కొందరు జారి పడరు, కళ్లు తిరిగి పడతారు. పడుకుని లేచి నిలబడిన 3 నిమిషాల్లో పై బీపీ 20 గాని, కింది బీపీ 10 గాని తగ్గితే దాన్ని వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కు వాడే కొన్ని మాత్రలు, ఎక్కువగా మూత్రం పోయించే మాత్రలు దీన్ని పెంచుతాయి. వేడినీళ్లు రక్తనాళాలను వెడల్పు చేస్తాయి కాబట్టి స్నానం ముగించి లేచే క్షణం మరీ గడ్డుది. ఇలాంటివారికి ఎంత గరుకు నేల వేయించినా ఉపయోగం తక్కువ. కూర్చుని స్నానం చేయడం, లేచే ముందు కాసేపు ఆగి కాళ్లు ఆడించడం, మాత్రలు వేసుకునే వేళల గురించి డాక్టరును అడగడం అసలు మందు.

దేని మీద కూర్చోవాలి?

ముందు ఎత్తు. మోకాలి వెనక మడత నుంచి నేల వరకు టేపుతో కొలవండి. సీటు అంత ఎత్తు ఉండాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి ఒకటి రెండు అంగుళాలు ఎక్కువైనా మంచిదే. చాలామందికి అది 16 నుంచి 18 అంగుళాల మధ్య వస్తుంది. ఈ ఒక్క కొలతతోనే మనకు అలవాటైన పీట పక్కకు పోతుంది. పీట మీద కూర్చోవడం సుఖమే, లేవడమే నరకం. మోకాళ్లు పూర్తిగా మడిచిన స్థితి నుంచి, తడి కాళ్లతో, పట్టు లేకుండా లేవాలి. చిన్నప్పటి నుంచి పీట మీదే స్నానం చేసిన అమ్మమ్మకు దాన్ని వదలడం కష్టంగా ఉంటుంది. నచ్చజెప్పండి.

వీపు, చేతులు లేని ప్లాస్టిక్ స్టూలు పీట కంటే నయం. అయితే పక్కకు వంగి మగ్గు అందుకునేటప్పుడు ఒరిగిపోతుంది. నడుము బలంగా ఉండి, కేవలం మోకాళ్ల బాధ ఉన్నవారికి, పక్కనే గోడ ఉన్న మూలలో వేస్తే సరిపోతుంది.

ఎక్కువ ఇళ్లలో కనిపించేది చేతులున్న మామూలు ప్లాస్టిక్ కుర్చీ. తడి టైల్స్ మీద, ముఖ్యంగా సబ్బు నీళ్లలో, దాని కాళ్లు నాలుగు వైపులకూ పాకుతాయి. లేవడానికి చేతుల మీద బరువు మోపగానే కుర్చీయే వెనక్కి జారుతుంది. ఎండలో ఆరుబయట ఉండి పెళుసెక్కిన పాత కుర్చీని బాత్‌రూమ్‌కు కేటాయించడం మరీ ప్రమాదం. తాత్కాలికంగా వాడక తప్పకపోతే కొత్త కుర్చీని వెనక కాళ్లు గోడకు తగిలేలా వేయండి.

సర్జికల్ దుకాణాల్లో దొరికే షవర్ చైర్ ఈ పనికే తయారైంది. అల్యూమినియం కాళ్లు తుప్పు పట్టవు, ఎత్తు మార్చుకోవచ్చు, సీటులో నీళ్లు జారే రంధ్రాలుంటాయి, కాళ్ల చివర వెడల్పాటి రబ్బరు తొడుగులుంటాయి. వీపు, చేతులు రెండూ ఉన్నదే తీసుకోండి. చేతులు లేనిది కొంచెం చవకగా వస్తుంది గాని లేవడానికి ఆసరా ఆ చేతులే. ఎంత బరువు మోస్తుందో కుర్చీ మీద రాసి ఉంటుంది, చూడండి. నేల వాలుగా ఉంటుంది కాబట్టి ఇంటికి తెచ్చాక నాలుగు కాళ్లూ ఆనేలా సర్దండి. రబ్బరు తొడుగులు అరిగితే కుర్చీ పని అయిపోయినట్టు కాదు, తొడుగులు విడిగా దొరుకుతాయి. నా ఓటు తొంభై శాతం ఇళ్లకు దీనికే.

గోడకు బిగించి మడిచే సీటు ఇరుకు బాత్‌రూమ్‌లకు బాగుంటుంది, ఇంట్లో మిగతావాళ్లకు అడ్డు రాదు. కాకపోతే గోడ గట్టిదై ఉండాలి, బిగించాక ఎత్తు మారదు, చాలావాటికి చేతులుండవు. చక్రాల కమోడ్ కుర్చీ సంగతి వేరు. నాలుగడుగులు కూడా వేయలేనివారిని మంచం దగ్గర కూర్చోబెట్టి, కమోడ్ మీదుగా, స్నానం దాకా ఒకే కుర్చీలో తీసుకెళ్లవచ్చు. దానికి గడప అడ్డు కాకూడదు, చక్రాల బ్రేకులు తడిలో కూడా పట్టాలి. నడవగలిగేవారికి దాన్ని కొనకండి. ఉన్న నడక కూడా పోతుంది. కొనే స్తోమత లేని పెద్దలకు 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద నడక సాధనాలు, చక్రాల కుర్చీల వంటివి ఉచితంగా ఇస్తారు. వివరాలకు కేంద్రం నడిపే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేసి అడగవచ్చు.

కడ్డీ: బిగించినదా, అతికించినదా?

దీనిలో నాకు రెండో అభిప్రాయం లేదు. రబ్బరు కప్పులతో గోడకు అతుక్కునే హ్యాండిళ్లు చూడ్డానికి సులువు, డ్రిల్లింగ్ అక్కర్లేదు, అద్దె ఇంట్లో యజమానితో మాట పడనక్కర్లేదు. కానీ టైల్ కొంచెం గరుకుగా ఉన్నా, రెండు టైల్స్ మధ్య సందు కప్పు కిందకు వచ్చినా గాలి మెల్లగా దూరుతుంది. నిన్న గట్టిగా ఉన్నది ఇవాళ ఊడుతుంది, ఊడబోతున్నట్టు చెప్పదు. ప్రయాణంలో, ఎవరైనా పక్కనే ఉన్నప్పుడు, వేలు ఆనించడానికి తప్ప బరువు వేయడానికి దాన్ని నమ్మకండి. అద్దె ఇంటి యజమానిని ఒప్పించి నాలుగు రంధ్రాలు వేయించుకోవడమే మేలు. ఖాళీ చేసేటప్పుడు తెల్ల సిమెంటుతో పూడ్చి ఇవ్వవచ్చు.

బిగించే కడ్డీకి అమెరికా ప్రమాణాలు చెప్పే కొలతలు మనకూ పనికొస్తాయి: మందం 32 నుంచి 51 మిల్లీమీటర్లు, గోడకూ కడ్డీకీ మధ్య 38 మిల్లీమీటర్ల సందు, 250 పౌండ్లు, అంటే 113 కిలోలకు పైగా ఒత్తిడిని తట్టుకునే బిగింపు. సందు అంతకంటే ఎక్కువైతే తూలినప్పుడు ముంజేయి అందులో ఇరుక్కుంటుంది. ఎత్తు విషయంలో మాత్రం వారి 33–36 అంగుళాల లెక్కను గుడ్డిగా తీసుకోకండి. ఐదడుగులు కూడా లేని నాయనమ్మకు అది ఎక్కువ కావచ్చు. మీరు పెట్టిన సుద్ద గుర్తులే ప్రమాణం. తలుపు పక్కన, గడప దాటేచోట నిలువు కడ్డీ. కుర్చీ పక్క గోడకు, సీటు కంటే జానెడు ఎత్తులో అడ్డ కడ్డీ. ఏటవాలు కడ్డీ మీద తడి చెయ్యి జారుతుంది, దాన్ని నేను సూచించను. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 గ్రేడు అడగండి, మెరుగు పెట్టినదాని కంటే గరుకు పట్టు ఉన్నది ఎంచుకోండి. పక్షవాతం వచ్చినవారికి కడ్డీ బలమున్న చేతి వైపు ఉండాలి. ఇది మరిచిపోయి ఖాళీ గోడ ఏ వైపు ఉంటే ఆ వైపు బిగించేస్తారు. అవసరమైతే కుర్చీని తిప్పి వేయండి.

గోడ రకాన్ని బట్టి బిగింపు మారుతుంది. ఎర్ర ఇటుక గోడలో, కాంక్రీటులో లోహపు యాంకర్ బోల్టులు పట్టు ఇస్తాయి. హైదరాబాదులో కొత్తగా కడుతున్న పెద్ద అపార్ట్‌మెంట్లలో గోడలు మొత్తం కాంక్రీటుతో పోసినవైతే ఇంకా మంచిది, డ్రిల్లింగ్ కష్టమే గాని బిగింపు కదలదు. బూడిద రంగులో తేలికగా ఉండే ఏఏసీ దిమ్మెల గోడ అయితే జాగ్రత్త: మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు బరువు పడగానే పొడి రాల్చుకుంటూ బయటికి వస్తుంది. అక్కడ రసాయన యాంకర్, అంటే రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి దిగేసే బోల్టు, వాడాలి, లేదా బోల్టును గోడ అవతలి దాకా పంపి వెనక ప్లేటు వేసి బిగించాలి. గోడలో పైపులు కొళాయిల నుంచి నిలువుగా గీజర్ దాకా వెళ్తుంటాయి, ఆ గీత మీద డ్రిల్లు పెట్టనివ్వకండి. పని పూర్తయ్యాక ఇంట్లో బరువైన మనిషి ఒకరు కడ్డీ పట్టుకుని వెనక్కి వేలాడి చూడాలి. పెద్దవాళ్లు పట్టుకునేది ఆ తర్వాతే.

నీళ్లు ఎలా అందాలి?

పై నుంచి పడే షవర్, చేతిలో పట్టుకునే హ్యాండ్ షవర్, బకెట్ మగ్గు. కూర్చుని స్నానం చేసేవారికి పై షవర్ అనవసరం. నీళ్లు ముఖం మీద పడి కళ్లు మూసుకుంటారు, కళ్లు మూస్తే తూలు వస్తుంది. పొడవు గొట్టం ఉండి, పిడి మీదే ఆపే మీట ఉన్న హ్యాండ్ షవర్ అన్నిటికంటే మంచిది. అయితే నీళ్ల ఒత్తిడి చూసుకోండి. మేడ మీద ట్యాంకుకు సరిగ్గా కింది అంతస్తులో ఉంటే నీటి ఎత్తు రెండు మూడు మీటర్లే, ధార సన్నగా వస్తుంది. అలాంటి ఇంట్లో బకెట్టే నయం, కాకపోతే నేల మీద కాదు. బరువును మోసే స్టూలు మీద, కూర్చున్నవారి చేతికి అందే ఎత్తులో పెట్టండి. పెద్ద మగ్గు బదులు చిన్నది ఇవ్వండి. వంగడం పోయిందంటే సగం గొడవ పోయినట్టే.

వేడి గురించి కాస్త గట్టిగానే చెబుతాను. 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చేస్తాయి. 49 డిగ్రీల దగ్గర అదే గాయానికి నిమిషాలు పడుతుంది. ముసలి చర్మం పలచన. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి కాలుతున్న సంగతే తెలియదు. గీజర్ మీటను 50 దగ్గరకు తగ్గించండి. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోయాలి. మోచేత్తో చూశాకే పోసుకోనివ్వాలి. మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్‌లో ధార మారినప్పుడల్లా వేడి మారుతుంది, 15 లీటర్లు అంతకు పైబడినది స్థిరంగా ఉంటుంది. బకెట్లో పెట్టే హీటర్ రాడ్డు పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో వద్దే వద్దు. గ్యాస్ గీజర్ మూసిన బాత్‌రూమ్ లోపల ఉంటే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని, వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. దాన్ని బయటి గోడకే పెట్టించండి. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే స్విచ్) ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడగండి.

నేల: మ్యాట్, పూత, కొత్త టైల్స్

కింద రబ్బరు కప్పులున్న మ్యాట్ నున్నటి టైల్ మీదే అతుక్కుంటుంది. గరుకు నేల మీద జారుతుంది. రోజూ ఎత్తి ఆరబెట్టకపోతే కింద పాచి పడుతుంది. వాకర్‌తో నడిచేవారికి దాని అంచు కాలికి తగులుతుంది. కుర్చీ ముందు పాదాలు ఆనేచోట మాత్రం వేసి, దారిలో వేయకపోతే మ్యాట్ వల్ల మేలుంది. గుమ్మం బయట పాత చీర మడిచి వేసే కాళ్లపట్టాను మాత్రం ఇవాళే తీసేయండి, రబ్బరు అడుగున్న పట్టా వేయండి.

టైల్ మీద సన్నని గరుకు తెచ్చే ద్రావణాలు దొరుకుతాయి. కొన్ని టైల్స్ మీద బాగా పనిచేస్తాయి, కొన్నింటి మీద చేయవు, కొంతకాలానికి మళ్లీ వేయాలి. ముందు ఒక మూల ప్రయత్నించి, నీళ్లూ సబ్బూ పోసి కాలితో చూడండి. బోరు నీళ్లలోని ఉప్పులు సబ్బుతో కలిసి నేల మీద జిడ్డు పొరలా పేరుకుంటాయి. ఈ జిడ్డును వారానికోసారి బ్రష్షుతో రుద్ది కడిగితే ఏ పూతా లేకుండానే నేల చాలావరకు పట్టు ఇస్తుంది.

కొత్త టైల్స్ వేయించేటట్టయితే ఎంత జారకుండా ఉంటుందో తెలిపే గ్రేడును దుకాణంలో ఆర్10, ఆర్11 అని చెబుతారు. ఆ లెక్క బూట్లు వేసుకుని, నూనె పోసిన వాలు మీద నడిపించి తేల్చినది. మనం బాత్‌రూమ్‌లో నడిచేది వట్టి కాళ్లతో, సబ్బు నీళ్ల మీద. దానికి వేరే పరీక్ష ఉంది, ఫలితం ఎ, బి, సి అని ఇస్తారు. స్నానం చేసేచోటికి బి గాని సి గాని అడగండి. సి గరుకు ఎక్కువ, కడగడం కష్టం. చిన్న టైల్స్ వేస్తే సందులు ఎక్కువై కాలికి పట్టు దొరుకుతుంది. టైల్స్‌తో పాటు గడపను తీయించి నేలను గది నేలతో సమం చేసి, వాలును మోరీ వైపు సరిగా ఇప్పించగలిగితే తవ్వకం సార్థకం. కేవలం పైపై టైల్స్ మార్చడానికైతే ఆ ఖర్చు వద్దంటాను. మంచి కుర్చీ, రెండు కడ్డీలు, హ్యాండ్ షవర్ కలిపినా అందులో చిన్న భాగమే అవుతుంది. నెలల్లో చక్రాల కుర్చీ అవసరం రాబోతోందని డాక్టరు చెబితే మాత్రం ఆలస్యం చేయకుండా తవ్వించండి, తలుపు వెడల్పూ కొలవండి. రెండున్నర అడుగుల తలుపులో ద్వారబంధం పోగా మిగిలే జాగాలో చాలా చక్రాల కుర్చీలు ఇరుక్కుంటాయి.

తలంటు గురించి ఏ కంపెనీ కాగితంలోనూ ఉండదు. నువ్వుల నూనె పాదాలకు రాసుకుని నాలుగడుగులు నడిచి స్నానానికి వెళ్లడం ఈ వయసులో కూడదు. షవర్ చైర్‌లో కూర్చున్నాకే నూనె రాయండి, పాదాల కింద పాత తువ్వాలు పరవండి, అరికాళ్లు సబ్బుతో కడిగి తుడిచాకే లేవనివ్వండి. కుంకుడు రసం కళ్లలో పడితే బలంగా మూసుకుంటారు, అప్పుడు భుజం మీద ఒక చెయ్యి ఉండాలి. కార్తీక మాసంలో చీకటితో చన్నీళ్ల స్నానం చేసే నియమం ఉన్నవారికి బాత్‌రూమ్ లైటు స్విచ్ మంచం పక్కన ఉండాలి. సబ్బు బిళ్లను జాలీ సంచిలో వేసి కడ్డీకి కట్టండి. జారిపడిన సబ్బు కోసం వంగి పడినవారు ఎందరో.

తలుపు, గడియ, తోడు

లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడితే బయటి నుంచి తోయలేం. తలుపును బయటికి తెరుచుకునేలా మార్పించండి, కుదరకపోతే బయటి నుంచి నాణెంతో తిప్పే గడియ వేయించండి. అదీ కుదరకపోతే గడియ తీసేసి, లోపల ఉన్నారని తెలిసేలా తలుపుకు తువ్వాలు వేసే ఏర్పాటు చేసుకోండి. సీటు నుంచి, నేల నుంచి కూడా అందే ఎత్తులో వైర్‌లెస్ బెల్లు ఒకటి అతికించండి.

తోడు అవసరమైనప్పుడు పెద్దవాళ్లను ఎక్కువగా బాధించేది సిగ్గు. కొడుకు ముందు తల్లికి, కోడలి ముందు మామగారికి అది చాలా పెద్ద మాట. కాబట్టి పలచటి నూలు పంచె గాని నైటీ గాని ఒంటి మీద ఉండగానే హ్యాండ్ షవర్‌తో స్నానం చేయించవచ్చు. వీపు, కాళ్లు మీరు రుద్దండి, మిగతాది వాళ్ల చేతికి వదిలేసి తలుపు అవతల నిలబడండి. తడి లంగా కాళ్లకు చుట్టుకుని పడతారు కాబట్టి కూర్చునే బట్టలు మార్చుకోవాలి. పక్షవాతం వచ్చినవారికి తొడిగేటప్పుడు బలహీనమైన వైపు ముందు, విప్పేటప్పుడు బలమున్న వైపు ముందు. ఒంట్లో బాగాలేని రోజున తలస్నానం మానేసి, కూర్చోబెట్టి తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే ఏ లోపమూ రాదు. మడి పట్టింపు ఉన్నవారితో ఈ మాట నెమ్మదిగా, గౌరవంగా చెప్పాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఇదంతా తలకిందులవుతుంది. అక్కడ చాలా ఇళ్లలో టబ్బు ఉంటుంది, దాని అంచు దాటడమే పెద్ద గండం. షవర్ చైర్ బదులు ట్రాన్స్‌ఫర్ బెంచి కొనండి: రెండు కాళ్లు టబ్బు లోపల, రెండు బయట ఉంటాయి, బయట కూర్చుని మెల్లగా లోపలికి జరగవచ్చు. గోడలు లోపల డొల్లగా ఉండే పలకలు, కడ్డీని వాటి వెనక సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున ఉండే కర్ర నిట్రాళ్లకే బిగించాలి. అక్కడి పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మామూలు మెడికేర్ ఈ బెంచికి, కడ్డీలకు డబ్బు ఇవ్వదు, ఆ ఖర్చు పిల్లలే చూసుకోవాలి. అమ్మానాన్నలు విమానం ఎక్కే ముందే బిగించి ఉంచండి.

ఎన్ని చేసినా ఎప్పుడైనా పడవచ్చు. పడగానే చంకల కింద చేతులు వేసి లేపకండి. నొప్పి ఎక్కడో అడగండి, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు. కదపకుండా దుప్పటి కప్పి 108కి ఫోను చేయండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారికి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా, మాట బాగానే ఉన్నా, అదే రోజు ఆసుపత్రిలో చూపించాలి.